నైట్రో ఆర్‌సీ ట్రక్ క్లచ్ సెట్టింగ్: నీడిల్ తిప్పే ముందు షూలు చూడండి

థ్రాటిల్ ఇస్తే ఇంజన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, ట్రక్ మాత్రం ఎడ్లబండిలా కదులుతుంది. లేదంటే థ్రాటిల్ ఇవ్వగానే ఇంజన్ ఒక్కసారి మూలిగి ఆగిపోతుంది. నైట్రో ట్రక్కులు నడిపేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే కంప్లైంట్లు ఈ రెండే. ఈ రెండింటికీ చాలామంది చేసే మొదటి పని ఒకటే: స్క్రూడ్రైవర్ తీసి కార్బ్యురేటర్ నీడిల్ బిగించడం.

నీడిల్ బిగిస్తే మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే ఇంజన్‌లోకి వెళ్లే ఫ్యూయల్ తగ్గుతుంది. నైట్రో ఫ్యూయల్‌లో మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు ఇంజన్‌కి కావాల్సిన ఆయిల్ కూడా కలిసే ఉంటుంది. ఫ్యూయల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ రింగులు ఉండవు. పైకి వెళ్లేకొద్దీ సన్నబడే స్లీవ్‌లో పిస్టన్ బిగుతుగా ఇరుక్కోవడం వల్లే కంప్రెషన్ వస్తుంది. లీన్‌గా, వేడిగా నడిపితే ఆ బిగుతు అరిగిపోతుంది. ఇక పిస్టన్-స్లీవ్ సెట్ మార్చడమే. తప్పు క్లచ్‌ది, శిక్ష ఇంజన్‌కి.

అందుకే ఈ ఆర్టికల్‌లో క్లచ్ ఎలా పనిచేస్తుంది, షూలు-స్ప్రింగులు ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి, సెట్టింగ్ కరెక్ట్‌గా ఉందో లేదో ఫోన్‌తోనే ఎలా కొలవాలి అన్నది వరసగా చూద్దాం.

ఈ క్లచ్ మన వీధిలో ఉన్నదే

మా చల్లపల్లి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా గడ్డిమోపుతోనో, పాల క్యాన్లతోనో ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్ కనిపిస్తుంది. దానికి క్లచ్ లీవర్ ఉండదు, గేర్లు మార్చే పనీ ఉండదు. ఐడిల్‌లో బండి నిలబడే ఉంటుంది, యాక్సిలరేటర్ తిప్పితే కదులుతుంది. దాంట్లో ఉన్నది సెంట్రిఫ్యూగల్ క్లచ్. చేలగట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్లో ఉన్నదీ అదే సూత్రం. మన నైట్రో ట్రక్‌లోనూ అదే, కాకపోతే సైజు సీసా మూతంత.

ఇంజన్ క్రాంక్ షాఫ్ట్‌కి ఫ్లైవీల్ బిగించి ఉంటుంది. ఫ్లైవీల్ మీద పిన్నులు, పిన్నులకి క్లచ్ షూలు, షూలని లోపలికి లాగి పట్టుకునే స్ప్రింగులు ఉంటాయి. వీటన్నిటి మీద గిన్నెలా బోర్లించి ఉండేది క్లచ్ బెల్. బెల్‌కి పినియన్ గేర్ ఉంటుంది. అది స్పర్ గేర్‌ని తిప్పితే చక్రాలు తిరుగుతాయి. ఐడిల్‌లో స్ప్రింగులు షూలని వదలవు, కాబట్టి బెల్ తిరగదు. స్పీడ్ పెరిగితే షూలు బయటికి విచ్చుకుని బెల్ లోపలి గోడని పట్టుకుంటాయి.

ఎక్స్‌ఎల్‌కీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎక్స్‌ఎల్ 100లో క్లచ్ ఆయిల్‌లో తడిసి పనిచేస్తుంది. మన ట్రక్‌లోది పొడి క్లచ్. దీని మీద ఆయిల్ పడిందంటే జారిపోతుంది.

ఎలక్ట్రిక్ బ్రష్‌లెస్ ట్రక్ నడిపినవాళ్లకి ఇంకో మాటలో చెప్పాలంటే, ఈఎస్‌సీలో మీరు మార్చే 'పంచ్' సెట్టింగ్ పనిని నైట్రోలో క్లచ్ స్ప్రింగే చేస్తుంది. ఇక్కడ యాప్ ఉండదు, చేత్తో మార్చాలి.

అసలు లెక్క ఇదీ

షూ బయటికి నెట్టే బలం స్పీడ్‌తో పాటు సమానంగా పెరగదు, స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. ఆర్‌పీఎమ్ రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. 2 గ్రాముల షూ తీసుకుందాం, దాని బరువు కేంద్రం షాఫ్ట్ నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర అది నెట్టే బలం సుమారు 0.8 కిలోల బరువుతో సమానం. 12,000 దగ్గర 3.2 కిలోలు. 24,000 దగ్గర దాదాపు 13 కిలోలు. రెండు గ్రాముల ముక్క చేసే పని ఇది!

కాబట్టి మనం సెట్ చేసేది 'క్లచ్ ఎంత గట్టిగా పట్టాలి' అని కాదు, 'ఏ ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకోవడం మొదలుపెట్టాలి' అని. మరీ తక్కువ స్పీడ్‌లో పట్టుకుంటే ఇంజన్ ఇంకా బలం పుంజుకోకముందే బండి బరువంతా దాని నెత్తిన పడుతుంది, మూలుగుతుంది. మరీ ఎక్కువ స్పీడ్‌లో పట్టుకుంటే అప్పటిదాకా షూలు బెల్‌కి రాసుకుంటూ వేడెక్కుతాయి.

ఆ వేడి ఎంతో ఊహించండి. 1 హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అందులో పదో వంతు క్లచ్ జారడంలో పోతే సుమారు 75 వాట్లు. మీ ఫోన్ ఫాస్ట్ ఛార్జర్ ఇచ్చే పవరంతా సీసా మూతంత ఇనప ముక్కలో వేడిగా మారడం లాంటిది అది. పైగా మే నెలలో ఇక్కడ బయటే 40 డిగ్రీలు దాటుతుంది. బేరింగ్‌లో గ్రీజు కరిగి కారిపోవడానికి, ప్లాస్టిక్ షూ అంచులు కరగడానికి ఎక్కువ సేపు పట్టదు.

షూలు: ఏ మెటీరియల్, ఎటు వైపు?

షూలు మామూలుగా రెండు రకాలు. అల్యూమినియంవి బరువు ఎక్కువ, గట్టిగా పట్టుకుంటాయి, బెల్‌ని కూడా త్వరగా అరగదీస్తాయి. ప్లాస్టిక్ లేదా కార్బన్ కాంపోజిట్‌వి తేలిక, మెత్తగా పట్టుకుంటాయి, వేడికి త్వరగా పాడవుతాయి. అల్యూమినియం షూ వేస్తే దానికి తగ్గట్టు గట్టి స్ప్రింగ్ వేయాలి. లేకపోతే బరువు వల్ల మరీ ముందే పట్టేస్తుంది. కొన్ని షూలకి చిల్లులు ఉంటాయి. అవి అందానికి కాదు, బరువు తగ్గించి కాస్త ఆలస్యంగా పట్టుకునేలా చేయడానికి.

ఇక దిశ. ఒక కర్రని వెనక ఈడ్చుకుంటూ నడిస్తే అది నేల మీద జారుతూ వస్తుంది. అదే కర్రని ముందుకు పెట్టి నెట్టుకుంటూ నడిస్తే నేలలో గుచ్చుకుంటుంది. షూ కూడా అంతే. తిరిగే దిశలో పిన్ ముందుండి షూ కొస వెనక వస్తుంటే అది ట్రైలింగ్: మెత్తగా, అదుపులో పట్టుకుంటుంది. కొస ముందుండి పిన్ వెనక ఉంటే అది లీడింగ్: ఒక్కసారిగా కరుచుకుంటుంది.

ఆర్‌సీ కార్లు, ట్రక్కుల ఇంజన్లు ఫ్లైవీల్ వైపు నుంచి చూస్తే సాధారణంగా గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయి. బిగించే ముందు మీ ఇంజన్ దిశ ఒకసారి చూసుకోండి. కొత్తవాళ్లు ట్రైలింగ్‌తోనే మొదలుపెట్టడం మంచిది. మీ ట్రక్ మాన్యువల్ వేరే దిశ చెబితే మాన్యువల్ మాటే వినండి.

స్ప్రింగులు: 0.1 మిల్లీమీటర్ చాలా పెద్ద తేడా

రెండు షూల క్లచ్‌లలో తరచుగా రెండింటినీ చుట్టి ఒకే రింగ్ స్ప్రింగ్ ఉంటుంది. మూడు, నాలుగు షూల క్లచ్‌లలో ఒక్కో షూకి ఒక్కో స్ప్రింగ్. ఈ రెండో రకం 0.9, 1.0, 1.1 మిల్లీమీటర్ల వైర్ సైజుల్లో దొరుకుతాయి. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి, తేడా మాత్రం చాలా ఉంది.

స్ప్రింగ్ గట్టిదనం వైర్ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతా కొలతలన్నీ ఒకటే అయితే 1.0 కంటే 1.1 స్ప్రింగ్ సుమారు 46 శాతం గట్టిది. 0.9 అయితే దాదాపు 34 శాతం మెత్తనిది. షూ బలం ఆర్‌పీఎమ్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి పట్టుకునే స్పీడ్ అంతలా మారదు: 1.0 నుంచి 1.1కి మారితే లెక్క ప్రకారం సుమారు 21 శాతం పైకి, 0.9కి మారితే 19 శాతం కిందికి. అంటే 10,000 దగ్గర పట్టుకునే క్లచ్ 1.1 స్ప్రింగుతో 12,000 దాటాక పట్టుకుంటుంది. ఒక్క సైజు మార్పే బండి తీరుని మార్చేస్తుంది. అందుకే ఒకేసారి స్ప్రింగ్, షూ రెండూ మార్చొద్దు.

బిగించే పద్ధతి

1. ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. ట్యాంక్‌లో ఫ్యూయల్ తీసేయండి. ఇప్పుడే నడిపిన ట్రక్ బెల్‌ని వేలితో ముట్టుకుంటే బొబ్బ ఖాయం.

2. క్రాంక్ చివర ఉన్న స్క్రూ లేదా క్లిప్ తీసి, బెల్‌ని బయటికి లాగండి. వాషర్లు, షిమ్‌లు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌తో ఫోటో తీయండి. ఒక్క షిమ్ అటూ ఇటూ అయినా మొత్తం తేడా కొడుతుంది.

3. బెల్ లోపలి రంగు చూడండి. నీలం, ఊదా రంగు తిరిగితే అది బాగా వేడెక్కినట్టు, అంటే జారుతున్నట్టు. అద్దంలా మెరుస్తుంటే సన్నటి ఎమెరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది మెరుపు తీసేయండి. షూ ముఖం కూడా గాజులా అయితే అంతే చేయండి. గాడి పడిపోయిన బెల్ మాత్రం మార్చాల్సిందే.

4. షూలని వెర్నియర్‌తో కొలవండి, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద తూచండి. అన్నీ ఒకే మందం, ఒకే బరువు ఉండాలి. ఒకటి అరిగిందని ఒక్కటే కొత్తది వేయొద్దు, సెట్ మొత్తం మార్చండి. స్ప్రింగుల సంగతీ ఇంతే.

5. బేరింగ్‌లు వేలి మీద తిప్పి చూడండి. గరగర మంటే మార్చండి. చాలా ట్రక్కుల్లో ఇవి 5×10×4 లేదా 5×11×4 మిల్లీమీటర్లు. మొదటిదాన్ని ఎంఆర్105, రెండోదాన్ని ఎంఆర్115 అంటారు. ఇవి స్టాండర్డ్ సైజులు కాబట్టి ట్రక్ కంపెనీ ప్యాకెట్టే కావాలని లేదు, బేరింగ్ షాపుల్లో ఆ నంబర్ చెప్పి అడగొచ్చు. కొనే ముందు మీ పాతదాన్ని కొలవండి.

6. స్ప్రింగులు, షూలు ఎక్కించాక ఒక్కో షూని గోటితో బయటికి లాగి వదలండి. టక్కున వెనక్కి రావాలి. ఒకటి బద్ధకంగా వస్తుంటే పిన్ దగ్గర మురికి ఉన్నట్టు, లేదా స్ప్రింగ్ కాలు గాడిలో సరిగ్గా కూర్చోనట్టు.

7. బెల్ పెట్టి బిగించాక ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. చాలా కొద్దిగా, 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు కదలాలి. అసలు కదలకపోతే బేరింగ్ నలిగిపోతుంది, షిమ్ తగ్గించండి. మరీ లొడలొడలాడితే షిమ్ కలపండి. బెల్‌ని వేలితో తిప్పితే ఎక్కడా తగలకుండా తిరగాలి.

8. పినియన్, స్పర్ గేర్ల మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి, ఇంజన్‌ని నొక్కి పట్టి స్క్రూలు బిగించండి. కాగితం మడతలు పడి బయటికి రావాలి, చిరగకూడదు.

9. కొత్త షూలైతే మొదటి అర ట్యాంక్ నెమ్మదిగా నడపండి. ఫుల్ థ్రాటిల్ లాంచ్‌లు వద్దు. షూ ముఖం బెల్‌కి తగ్గట్టు అరిగి కూర్చోవాలి.

ఒక్క మాట: బేరింగ్‌కి ఒక చుక్క ఆయిల్ చాలు. ఎక్కువైతే స్పీడ్‌కి చిమ్మి షూల మీదకి పోతుంది.

ఫోన్‌తో ఎంగేజ్‌మెంట్ స్పీడ్ కొలవండి

ఇది మన రీడర్స్‌కి బాగా నచ్చే పార్ట్. సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్ ఇంజన్ ఒక్కో చుట్టుకి ఒక్కసారి పేలుతుంది. కాబట్టి శబ్దం ఫ్రీక్వెన్సీని 60తో గుణిస్తే ఆర్‌పీఎమ్ వస్తుంది. 200 హెర్ట్జ్ అంటే 12,000. 300 హెర్ట్జ్ అంటే 18,000.

ఫోన్‌లో ఏదైనా ఆడియో స్పెక్ట్రమ్ యాప్ వేసుకోండి. ట్రక్‌ని చదునైన నేల మీద పెట్టి, ఫోన్‌ని ఒక అడుగు దూరంలో పట్టుకోండి. ఫ్రెండ్‌ని చాలా నెమ్మదిగా థ్రాటిల్ తెరవమనండి. చక్రాలు కదలడం మొదలైన క్షణంలో అన్నిటికంటే ఎడమ పక్కన ఉన్న బలమైన పీక్ చూడండి. దానికి రెట్టింపు దగ్గర ఇంకో పీక్ కనిపిస్తుంది. అది ప్రతిధ్వని లాంటిది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. వెలుగు చాలినంత ఉంటే స్లో-మోషన్ వీడియో కూడా తీసి కదిలిన క్షణం కచ్చితంగా పట్టుకోవచ్చు.

స్ప్రింగ్ మార్చాక మళ్లీ ఇదే టెస్ట్ చేయండి. 167 నుంచి 200 హెర్ట్జ్‌కి మారిందంటే 10,000 నుంచి 12,000కి పెరిగినట్టు. 'ఏదో బాగుందనిపిస్తోంది' అన్నది పోయి చేతిలో నంబర్ ఉంటుంది.

తప్పు క్లచ్‌దా, ఇంజన్‌దా?

నీడిల్ ముట్టుకునే ముందు ఈ టెస్ట్ చేయండి. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో కార్బ్యురేటర్ దగ్గర ఫ్యూయల్ పైపు నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లలో స్పీడ్ కొంచెం పెరిగి ఆగిపోతే లో-స్పీడ్ నీడిల్ దాదాపు కరెక్ట్. చాలాసేపు నడిచి ఆగితే రిచ్, వెంటనే ఆగితే లీన్. హెడ్ టెంపరేచర్ ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూడండి. సాధారణంగా 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే సరే. 130 దాటుతుంటే ఆపేయండి. ఈ రెండూ బాగున్నా బండి సతాయిస్తుంటే చూడాల్సింది క్లచ్‌నే.

- ఐడిల్‌లోనే బండి పాకుతోంది: స్ప్రింగ్ విరిగింది లేదా సాగింది, బెల్ బేరింగ్ పట్టేసింది, లేదా ఐడిల్ ఎక్కువ పెట్టారు. ముందు ఐడిల్ చూడండి, ఫ్రీగా అయ్యేది అదే.
- అరుపు ఎక్కువ, పరుగు తక్కువ: షూలు అరిగాయి, ఆయిల్ పడింది, లేదా స్ప్రింగ్ మరీ గట్టిది.
- థ్రాటిల్ ఇవ్వగానే మూలుగుతోంది: పించ్ టెస్ట్ పాసైతే స్ప్రింగ్ మెత్తనిది. ఒక సైజు పెంచండి.
- కదిలేటప్పుడు టకటక కుదుపులు: షూలు సమానంగా లేవు, లేదా ఒక్క స్ప్రింగ్ పోయింది.
- మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత జారుతోంది: వేడి. గేరింగ్ బరువుగా ఉంది.

ఈ చివరిదాని గురించి కొంచెం చెప్పాలి. స్టాక్ కంటే పెద్ద టైర్లు వేసినా, పినియన్‌లో పళ్లు పెంచినా క్లచ్ మీద భారం పెరుగుతుంది. అప్పుడు స్ప్రింగ్ ఎంత మార్చినా లాభం లేదు, ముందు గేరింగ్ తగ్గించాలి.

మన నేలకి ఏ సెట్టింగ్?

సార్వా కోతలు అయ్యాక ఎండిన నల్లరేగడి సిమెంట్‌లా గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. పట్టు బాగా ఉంటుంది కానీ ప్రతి పగులు దగ్గరా డ్రైవ్‌లైన్‌కి దెబ్బ. ఇక్కడ కాంపోజిట్ షూ, ట్రైలింగ్, 1.0 స్ప్రింగ్ మంచి మొదలు. మెత్తగా పట్టుకుంటే స్పర్ గేర్ పళ్లు బతుకుతాయి. అన్నట్టు, ఇక్కడ చాలా మళ్లల్లో వరి కోయకముందే మినుములు చల్లేస్తారు. ఖాళీగా కనిపిస్తోందని ట్రక్ దింపితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అడిగి దింపండి.

వరి దుబ్బుల్లో, గడ్డిలో నడిపితే టైర్లకి ఎదురు బలం ఎక్కువ. పినియన్ ఒక పన్ను తగ్గించండి, క్లచ్ జారకుండా త్వరగా పూర్తిగా పట్టుకోవాలి. ఇక్కడ అల్యూమినియం షూ, దానికి తగ్గ గట్టి స్ప్రింగ్ నయం. పీచు బెల్ వెనక చుట్టుకుంటుంది, ప్రతి ట్యాంక్ తర్వాత తీసేయండి.

హంసలదీవి వైపు ఇసకలోకి తీసుకెళ్తే భారం అన్నిటికంటే ఎక్కువ. చిన్న గేరింగ్, చిన్న చిన్న రన్‌లు, మధ్యలో విరామం. ఇంటికి వచ్చాక బేరింగ్‌లు తీసి శుభ్రం చేయకపోతే ఉప్పుగాలికి వారంలో తుప్పు పడతాయి. వానాకాలం బురదలో మాత్రం నేను నడపను. బెల్‌లోకి బంకమట్టి చేరితే ఏ స్ప్రింగూ కాపాడలేదు.

ఫ్యూయల్ దగ్గర జోక్ వద్దు

మిథనాల్ విషం. తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. నైట్రో ఫ్యూయల్‌ని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయొద్దు. పెద్ద అక్షరాలతో పేరు రాసిన ఒరిజినల్ డబ్బాలోనే, పిల్లలకి అందకుండా పెట్టండి. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు కాబట్టి వేడి బెల్ పక్కన ఫ్యూయల్ పోయడం ప్రమాదం. క్లచ్ పనిచేసేటప్పుడు ట్యాంక్ ఖాళీ చేయమన్నది అందుకే.

చివరిగా, ఫోన్ నోట్స్‌లో ఒక పేజీ పెట్టుకోండి. ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి: నేల రకం, షూ రకం, స్ప్రింగ్ సైజు, ఎంగేజ్ అయిన హెర్ట్జ్, హెడ్ టెంపరేచర్. నాలుగైదు ఆదివారాలు రాస్తే మీ ట్రక్‌కి ఏం కావాలో ఆ పేజీయే చెబుతుంది. ఆ నంబర్లు చూశాక కూడా నీడిల్ తిప్పాలనిపిస్తే, అప్పుడు తిప్పండి. అదీ ఒకసారికి గంటలో పావు వంతు కంటే తక్కువ, అంటే గడియారం మీద పది నిమిషాల ముల్లు కదిలినంతే.